ఆలస్యం ఎవరిది? — అసింక్రనస్ ప్రోగ్రాములలో బ్లాకింగ్ కోడును కనుగొను విధానం

నేడు కంప్యూటర్ సైన్సు అభ్యసిస్తున్న విద్యార్థులలో పలువురు తమ మొదటి పెద్ద ప్రాజెక్టును వెబ్ సర్వరు రూపంలోనే వ్రాస్తున్నారు. పైథాన్ భాషలో వ్రాసేవారు అసింక్‌ఐఓను, జావాస్క్రిప్టులో వ్రాసేవారు నోడ్ జేఎస్‌ను ఆశ్రయిస్తున్నారు. ఈ రెండింటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. ఆ సూత్రాన్ని పాఠ్యగ్రంథాలు చక్కగానే బోధిస్తాయి. కాని ఆ సూత్రానికి భంగం కలిగినప్పుడు, దోషం ఏ పంక్తిలో దాగి ఉన్నదో కనుగొనే మార్గాన్ని మాత్రం అంత శ్రద్ధగా చెప్పవు. గత విద్యాసంవత్సరంలో మన విద్యార్థులు ఉపకారవేతనాల దరఖాస్తుల కొరకు ఒక ప్రోగ్రామును తయారుచేశారు. చివరి తేదీనాడు అది స్తంభించిపోయినది. అప్పుడు నేర్చుకొన్న సంగతులను పాఠంగా కూర్చి విద్యార్థుల ముందును, కమిటీ పెద్దల ముందును ఉంచటమే ఈ వ్యాసం ఉద్దేశం. కమిటీ పెద్దలకు దీనితో పని ఏమి అనవచ్చును. ఆ రోజున ఇంతకంటే ఖరీదైన సర్వరు కొనవలెనన్న ప్రతిపాదన వారి వద్దకే వెళ్ళినది గదా!

మొదట సూత్రాన్ని చూద్దాం. హైదరాబాదులో పాత ఇరానీ హోటలును ఊహించుకోండి. బల్లలు ఇరవై, బేరరు ఒక్కడే. అతడు మూడవ బల్ల వద్ద ఆర్డరు తీసుకొని, వంటగది వైపు కేకవేసి, చాయ్ వచ్చేవరకు అక్కడే నిలబడక ఏడవ బల్లకు పోతాడు. చాయ్ సిద్ధమైనదని లోపలినుంచి పిలుపు రాగానే వెళ్ళి అందుకొంటాడు. ఒక్క మనిషి ఇరవై బల్లలను నెట్టుకొని రాగలగటానికి కారణం అతని వేగం కాదు. ఎక్కడా నిలిచి వేచి ఉండకపోవటమే. అసింక్రనస్ ప్రోగ్రాములో ఈ బేరరు స్థానంలో ఉన్నది ఈవెంట్ లూప్. అది సిద్ధంగా ఉన్న పనులలో ఒకదానిని తీసుకొని నడిపిస్తుంది. ఆ పని నెట్‌వర్కు నుంచో డేటాబేసు నుంచో జవాబు కొరకు వేచి ఉండవలసి వచ్చినప్పుడు 'అవెయిట్' అనే మాటతో వంతును విడిచిపెడుతుంది. లూప్ వెంటనే మరొక పనిని అందుకొంటుంది.

ఇక్కడ ఒక విషయాన్ని జాగ్రత్తగా గమనించవలెను. వంతును పని తనంతట తాను విడవవలెనే గాని, లూప్ దాని చేతినుంచి లాగుకొనలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్లను మధ్యలో ఆపి వంతులు మార్చగలదు. ఈవెంట్ లూప్‌కు ఆ అధికారం లేదు. వేచి ఉండవలసిన చోట అవెయిట్ అనక, పాత పద్ధతిలో వేచి ఉండే ప్రమేయాన్ని ఎవరైనా పిలిస్తే బేరరు వంటగది గడప వద్ద నిలబడిపోయినట్లే. అటువంటి కోడును బ్లాకింగ్ కోడు అంటారు.

ఈ పద్ధతి ఎందుకు వచ్చినదో రెండు మాటలు. ఒకే యంత్రం ఒకేసారి పదివేల మందికి సేవ చేయగలదా అనే ప్రశ్నను 1999లో డాన్ కెగెల్ ప్రచారంలోకి తెచ్చాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క థ్రెడ్ కేటాయిస్తే జ్ఞాపకశక్తి చాలదు. ఈగర్ సిసోయెవ్ రూపొందించి 2004లో విడుదల చేసిన ఎంజిన్‌ఎక్స్, 2009లో రయాన్ డాల్ తెచ్చిన నోడ్ జేఎస్ ఈవెంట్ లూప్ మార్గాన్ని అనుసరించాయి. పైథాన్‌లో అసింక్‌ఐఓ 2014లో 3.4 సంచికతోను, అసింక్, అవెయిట్ అనే మాటలు 2015లో 3.5 సంచికతోను వచ్చి చేరాయి.

బ్లాకింగ్ వలన కలిగే నష్టాన్ని చిన్న లెక్కతో చూడవచ్చును. ఒకేసారి 250 మంది దరఖాస్తు పంపారనుకొందాం. ప్రతి దరఖాస్తుకు బయటి సర్వరును ఒకసారి అడగవలెను, జవాబుకు 0.4 సెకను పడుతుంది. అవెయిట్‌తో అడిగినప్పుడు 250 నిరీక్షణలు ఒకదానిపై ఒకటి పరచుకొని సాగుతాయి. బయటి సర్వరు తట్టుకొన్నంతవరకు, చివరివానికి సైతం సెకనులోపే జవాబు అందుతుంది. బ్లాకింగ్ పద్ధతిలో అడిగితే అవి వరుసగా నిలబడతాయి. చివరివాడు 100 సెకన్లు వేచి ఉండవలెను. కోడులో తేడా ఒక్క మాట. ఒక్కడే కూర్చుని పరీక్షించుకొనే విద్యార్థికి రెండు సందర్భాలలోను 0.4 సెకనే కనిపిస్తుంది. కావుననే ఈ దోషం ప్రయోగశాలలో బయటపడక, జనం వచ్చిన రోజున బయటపడుతుంది.

ఇప్పుడు మా సంగతి. దరఖాస్తు చివరి తేదీ మధ్యాహ్నం వరకు అంతా సవ్యంగానే ఉన్నది. విద్యార్థులు తమ పేర్లను ఉర్దూలోను తెలుగులోను నింపి, ఫొటోలు జతచేసి పంపుతున్నారు. రెండు గంటల తరువాత తెరలు కదలటం మానివేశాయి. లాగ్ తెరచి చూస్తే అత్యంత ఆలస్యంగా నడుస్తున్నది 'దరఖాస్తు స్థితి' అనే పుట. కొన్నిసార్లు 9 సెకన్లకు పైగా పట్టినది. ఫొటో స్వీకరించే పుట 3, 4 సెకన్లలోనే ముగుస్తున్నది. స్థితి పుటను వ్రాసిన తృతీయ సంవత్సరం విద్యార్థిని అందరూ నిలదీశారు. నేను కూడ నిలదీశాను. "సార్, నా పుట డేటాబేసులో ఒక్క వరుస చదువుతుంది, అంతే. అది కూడ అవెయిట్‌తోనే" అని అతడు చెప్పాడు. ఆ రాత్రి తన పుటను రెండుసార్లు తిరిగి వ్రాశాడు. ఫలితం లేకపోయినది.

అతడు చెప్పినది నిజమే. బ్లాకింగ్ దోషంలో ఉన్న మాయ అంతా ఇక్కడే ఉన్నది. స్థితి పుట డేటాబేసును అడిగి, అవెయిట్ వద్ద మర్యాదగా వంతు విడిచిపెట్టినది. డేటాబేసు కొన్ని మిల్లీసెకన్లలోనే జవాబిచ్చినది. కాని ఈలోగా వంతు అందుకొన్న మరొక పని 3 సెకన్లు లూప్‌ను పట్టుకొని కూర్చున్నది. అది విడిచిన తరువాత అటువంటిదే మరొకటి, ఆపైన ఇంకొకటి. స్థితి పుటకు తిరిగి వంతు వచ్చేసరికి 9 సెకన్లు గడిచాయి. లాగ్‌లో ఆ 9 సెకన్లు దాని పద్దులోనే పడ్డాయి. లూప్‌ను పట్టుకొన్న పనికి మాత్రం దాని సొంత 3 సెకన్లే పడ్డాయి. అనగా దోషి తేలికగాను, బాధితుడు బరువుగాను కనిపించారు. హోటలులో గల్లా వద్ద కూర్చున్న యజమానికి ఏడవ బల్ల వారి కేకలే వినబడతాయి గాని, బేరరును నిలబెట్టినది మూడవ బల్ల వారని తెలియదు. కావున ఏ పుట ఎంతసేపు పట్టినదని కొలవటంతో ఈ దోషం దొరకదు. కొలవవలసినది లూప్‌ను.

ఇక సర్వరు కొనుగోలు సంగతి. యంత్రం చాలటం లేదన్నారు కాబట్టి ప్రాసెసరు ఎంత పనిచేస్తున్నదో చూశాము. నూటికి 5 వంతులు మాత్రమే. సర్వరు స్తంభించి ఉన్నది, ప్రాసెసరు ఖాళీగా ఉన్నది. ఈ రెండూ ఒకేసారి కనబడితే ఎక్కడో ఎవరో దేనికొరకో వేచి ఉన్నారని అర్థం. పదింతలు వేగంగల ప్రాసెసరు కొన్నా అది పదింతలు వేగంగా వేచి ఉండదు. సాధారణ ప్రొఫైలరులు కూడ ఇక్కడ మోసపుచ్చుతాయి. ప్రాసెసరు కాలాన్ని మాత్రమే లెక్కించే ప్రొఫైలరుకు నిద్రిస్తున్న కోడు కనబడనే కనబడదు.

మేము చేసిన మొదటి ప్రయత్నం కోడును కంటితో వెదకటం. ఇది మంచి ఆరంభమే. టైమ్ మాడ్యూలులోని స్లీప్, రిక్వెస్ట్స్ గ్రంథాలయం, సబ్‌ప్రాసెస్‌లోని రన్, అసింక్ కాని డేటాబేసు డ్రైవరు, పెద్ద ఫైలు చదవటం, సంకేతపదాలను భద్రపరచే బీక్రిప్ట్ వంటి లెక్కలు మొదలైనవి ప్రసిద్ధులైన అపరాధులు. బీక్రిప్ట్ ఆలస్యంగా నడవటం దాని లోపం కాదు. దొంగను విసిగించటానికి కావాలనే అట్లు నిర్మించారు. నోడ్ జేఎస్‌లో ఈ వెదకులాట కొంత సులభం. అక్కడి బ్లాకింగ్ ప్రమేయాలలో చాలవాటి పేర్ల చివర 'సింక్' అని ఉంటుంది. అటువంటి వాడకాన్ని పట్టి చూపే 'ట్రేస్ సింక్ ఐఓ' అనే ఐచ్ఛికం కూడ ఉన్నది. మా కోడులో ఒక ఫైలు చదివే పంక్తి దొరికితే సరిచేశాము. పరిస్థితిలో మార్పు రాలేదు. మనం వ్రాసిన పంక్తి అమాయకంగా ఉండి, అది పిలిచే గ్రంథాలయం లోపల నాలుగు అంతస్తుల క్రింద బ్లాకింగ్ ఉండవచ్చును. కన్ను అక్కడికి చేరదు.

రెండవ సాధనం నాడి చూడటం. లూప్‌లోనే ఒక చిన్న పనిని పెట్టవలెను. అది గడియారం చూసుకొని, అవెయిట్‌తో 0.1 సెకను నిద్రించి, లేచి మళ్ళీ గడియారం చూస్తుంది. లూప్ ఆరోగ్యంగా ఉంటే 0.1 సెకనుకు ఒకటి రెండు మిల్లీసెకన్లు మాత్రమే అదనంగా గడుస్తాయి. ఎవరైనా లూప్‌ను పట్టుకొంటే ఈ పని కూడ సమయానికి లేవలేదు. అదనంగా గడిచిన కాలమే ఇంచుమించు లూప్ స్తంభించిన కాలం. నోడ్ జేఎస్‌లో ఈ కొలతను 'మానిటర్ ఈవెంట్ లూప్ డిలే' అనే ప్రమేయం స్వయంగా తీసి ఇస్తుంది. పైథాన్‌లో ఐదారు పంక్తులతో మనమే వ్రాసుకొనవచ్చును. ఖర్చు స్వల్పం కాబట్టి అసలు సర్వరులో నిత్యం నడపవచ్చును. మా నాడి సాధారణంగా నిశ్చలంగా ఉండి, అప్పుడప్పుడు 3.1 సెకన్లకు ఎగిరినది. స్థితి పుటను ఎన్నిసార్లు తెరచినా ఎగరలేదు. నిందపడిన విద్యార్థి ఆ అంకెలు చూసి ఏమీ అనలేదు, కాని కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చున్నాడు.

ఈ నాడితోబాటు మరొక అంకెను కూడ వ్రాసుకొంటే రోగం ఏ జాతిదో తెలుస్తుంది. పైథాన్‌లో గోడ గడియారం వంటిది 'పెర్ఫ్ కౌంటర్'. ప్రోగ్రాము వాడుకొన్న ప్రాసెసరు కాలాన్ని చెప్పేది 'ప్రాసెస్ టైమ్'. లూప్ 3 సెకన్లు స్తంభించినప్పుడు ప్రాసెసరు కాలం కూడ 3 సెకన్లు పెరిగితే ఎవరో భారమైన లెక్క చేస్తున్నారు. ప్రాసెసరు కాలం దాదాపు పెరగకపోతే ఎవరో వేచి ఉన్నారు. మాది రెండవ జాతి.

మొదటి జాతి కూడ తక్కువది కాదు. 2016 జులై 20న స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రసిద్ధ ప్రశ్నోత్తరాల వేదిక 34 నిమిషాలపాటు ఆగిపోయినది. పంక్తి చివర ఉన్న ఖాళీలను తీసివేసే ఒక చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, వరుసగా దాదాపు 20,000 ఖాళీ అక్షరాలున్న ఒక రచనను ఎదుర్కొని, సుమారు 20 కోట్ల పోలికలు చేయవలసి వచ్చినది. ఆ సర్వరు ఈవెంట్ లూప్‌పై నడిచేది కాదు. అనేక థ్రెడ్లు ఉన్నది. అయినా కూలినది. థ్రెడ్ ఒక్కటే ఉన్న మన ప్రోగ్రాములో అటువంటి పంక్తిని ఒక్క మనిషి ఒక్కసారి తగిలిస్తే చాలును.

నాడి ఎప్పుడు, ఎంతసేపు అన్న రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. ఎక్కడ అన్నదానికి ఇవ్వలేదు. ఎందుకనగా అది కూడ ఆ లూప్‌లోనే చిక్కుకొని, ఆపద గడిచిన తరువాత లేచి చెబుతుంది. ఇక్కడ మూడవ సాధనం అవసరం. అసింక్‌ఐఓకు డీబగ్ పద్ధతి ఉన్నది. దానిని ఆరంభిస్తే లూప్‌ను 0.1 సెకనుకు మించి పట్టుకొన్న ప్రతి పనిని పేరుతో, పట్టుకొన్న కాలంతో లాగ్‌లో వ్రాస్తుంది. ఆ హద్దును మార్చుకొనవచ్చును. మేము ఆరంభించగానే ఫొటో స్వీకరించే పని పేరు వచ్చినది. లాగ్‌లో తేలికగా కనిపించిన పనియే అది!

అయితే ఆ సందేశాన్ని చదవటంలో మేము ఒక పొరపాటు చేశాము, దానిని మీరు చేయరాదు. సందేశంలో పని పేరుతోబాటు ఒక పంక్తి సంఖ్య కూడ ఉంటుంది. అది బ్లాకింగ్ జరిగిన పంక్తి కాదు. సందేశం తయారయ్యేది పని లూప్‌ను విడిచిన తరువాత. కావున అది చూపేది ఆ పని తరువాత చేరి ఆగిన అవెయిట్ పంక్తిని. అసలు దోషం అంతకు ముందు ఎక్కడో ఉంటుంది. ఆ సంఖ్యను నమ్మి మేము అమాయకమైన ఒక డేటాబేసు పంక్తిని పూటసేపు ప్రశ్నించాము.

దోషిని నేరస్థలంలోనే పట్టుకొనవలెనంటే లూప్ స్తంభించి ఉన్న క్షణంలోనే, లూప్ వెలుపల నుంచి చూడవలెను. దీనికి పైథాన్‌లో 'ఫాల్ట్‌హ్యాండ్లర్' అనే మాడ్యూలు ఉన్నది. అందులోని 'డంప్ ట్రేస్‌బ్యాక్ లేటర్' అనే ప్రమేయానికి 1 సెకను గడువు ఇస్తే, ఆ గడువు తీరగానే ప్రోగ్రాము అప్పుడు ఏ ప్రమేయంలో ఉన్నదో మొత్తం పిలుపుల వరుసను ముద్రిస్తుంది. మళ్ళీ పిలిస్తే పాత గడువు రద్దై కొత్తది మొదలవుతుంది. కావున దీనిని మన నాడి పనిలోనే పెట్టవలెను. నాడి లేచిన ప్రతిసారి గడువు పొడిగించబడుతుంది. లూప్ స్తంభిస్తే నాడి లేవదు, గడువు పొడిగించబడదు, సెకను కాగానే ముద్ర పడుతుంది. ఈ కాపలాదారు పైథాన్ వెలుపల సి భాషలో వ్రాసిన ప్రత్యేక థ్రెడ్; లూప్ తాళం వేసుకొని కూర్చున్నా దీనికి అడ్డులేదు. వరుసను చదివేటప్పుడు ఒక జాగ్రత్త: సాధారణ దోష సందేశాలలో చివరి పిలుపు క్రింద ఉంటుంది, ఇందులో అది పైన ఉంటుంది. పైనుంచి దిగుతూ మన సొంత ఫైలు పేరు మొదట ఎక్కడ వస్తుందో అక్కడ ఆగవలెను.

ఆ సాయంత్రం మంచి ఫొటోలు పంపుతుంటే ఏమీ ముద్ర పడలేదు. చివరకు స్థితి పుట విద్యార్థియే తన ఫోనుతో తీసిన 8 మెగాబైట్ల ఫొటోను పంపాడు. మా పరిమితి 200 కిలోబైట్లు. నాడి ఆగినది. ముద్ర పడినది. అన్నిటికంటే పైన సాకెట్ చదివే పంక్తి. దాని క్రింద ఎస్ఎంటీపీలిబ్, అనగా ఉత్తరాలు పంపే మాడ్యూలు. దాని క్రింద లాగింగ్ మాడ్యూలు. అక్కడినుంచి దిగితే మా ఫైలు, ఫొటో పెద్దదైనదని లాగ్‌లో దోషంగా వ్రాసే ఒక్క పంక్తి.

పెద్ద ఫొటో రాగానే ప్రోగ్రాము దోషం నమోదు చేస్తున్నది. నమోదైన ప్రతి దోషాన్ని లాగింగ్‌లోని 'ఎస్ఎంటీపీ హ్యాండ్లర్' ఈ-మెయిల్‌గా పంపుతున్నది. మెయిల్ సర్వరు జవాబిచ్చేవరకు, అనగా 3 సెకన్లు, లూప్ మొత్తం దానివద్దనే నిలబడుతున్నది. మొదటి రోజులలో దరఖాస్తులు నింపినవారు మా ప్రయోగశాలలోనే కూర్చుని, మేము కుదించి ఇచ్చిన ఫొటోలు వాడారు. చివరి రోజున అందరూ తమ ఫోన్లలోనుంచే పంపారు. ఆ హ్యాండ్లరు కోడు మొత్తంలో ఒక్కచోట, ప్రోగ్రాము ఆరంభంలో, రెండు పంక్తులలో ఉన్నది. దోషాలు నాకు వెంటనే తెలియవలెనని దానిని చేర్చమన్నవాడిని నేనే. మరునాటి తరగతిలో ఆ మాట అందరి ఎదుటనే చెప్పి, ఆ విద్యార్థిని క్షమించమని అడిగాను.

చికిత్స చిన్నది. పైథాన్ లాగింగ్‌లో 'క్యూ హ్యాండ్లర్', 'క్యూ లిజనర్' అనే జంట ఉన్నది. మొదటిది సందేశాన్ని వరుసలో పడవేసి తక్షణం తిరిగి వస్తుంది. రెండవది వేరొక థ్రెడ్‌లో నెమ్మదిగా ఉత్తరాలు పంపుకొంటుంది. సాధారణంగా వేచి ఉండే జాతి రోగానికి రెండు మందులు: ఆ పనికి అసింక్ గ్రంథాలయం ఉంటే దానిని వాడటం, లేకపోతే 3.9 సంచిక నుంచి ఉన్న 'టు థ్రెడ్' ద్వారా పనిని వేరొక థ్రెడ్‌కు అప్పగించటం. లెక్కల జాతి రోగానికి థ్రెడ్ అంతగా పనిచేయదు. సాధారణ పైథాన్‌లో ఒకే తాళాన్ని అన్ని థ్రెడ్లు పంచుకొంటాయి. దానికి వేరొక ప్రాసెసే మార్గం. నోడ్ జేఎస్ వారు ఒకటి గుర్తుంచుకోవలెను. అక్కడ ఫైళ్ళ పనులు, పేరునుబట్టి చిరునామా వెదకే పనులు వెనుక ఉన్న థ్రెడ్ల గుంపులో జరుగుతాయి. ఆ గుంపులో మామూలుగా ఉండేవి 4 థ్రెడ్లే. నాలుగు నెమ్మది పనులు వాటిని ఆక్రమిస్తే ఐదవది వేచి ఉంటుంది. నాడి మాత్రం నిశ్చలంగానే కొడుతుంది.

కొత్త సర్వరు ప్రతిపాదనను కమిటీ పెద్దలు వాయిదా వేశారు. పాత యంత్రమే తరువాతి దరఖాస్తులను స్వీకరించినది.

ప్రయోగశాలలో చేయదగిన అభ్యాసం ఒకటి చెప్పి ముగిస్తాను. అసింక్‌ఐఓలో రెండు పనులు వ్రాయండి. ఒకటి ప్రతి 0.1 సెకనుకు తెరపై ఒక చుక్క పెట్టవలెను. రెండవది కొంతసేపటికి టైమ్ మాడ్యూలులోని స్లీప్‌తో 2 సెకన్లు ఆగవలెను. చుక్కలు ఆగిపోవటం చూడండి. తరువాత ఆ స్లీప్‌ను అసింక్‌ఐఓ స్లీప్‌గా మార్చి, అవెయిట్ చేర్చి, మళ్ళీ చూడండి. ఆపైన మొదటి రూపానికే తిరిగి వచ్చి డీబగ్ పద్ధతిని ఆరంభించండి. స్లీప్ తరువాత నాలుగైదు పంక్తుల క్రింద ఒక అవెయిట్ ఉంచితే, సందేశం ఏ పంక్తి సంఖ్యను చూపుతుందో కాగితంపై ముందుగా వ్రాసుకొని పోల్చి చూడండి. చివరగా నాడి పనిలో ఫాల్ట్‌హ్యాండ్లరును చేర్చి అదే ప్రయోగం చేస్తే, స్లీప్ ఉన్న పంక్తియే ముద్రింపబడుతుంది.